శనివారమే అయిపోయిన చర్చ

మా పిన్నికి నోట్లో నాలుక లేదని అందరూ అనుకునేవాళ్లు. దారం మిల్లు ఆఫీసులో ఇరవై రెండేళ్లు టైపు కొట్టింది. కమిటీ మీటింగు సోమవారమైతే, అందులో ఏం తేలిందో శనివారమే కొట్టి ఉంచాలి, అక్కడి పద్ధతి అది. "సుదీర్ఘంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అనే ముక్క కళ్లు మూసుకుని కొట్టేది. ఇదేం ఘోరం పిన్నీ అంటే, చెప్పింది కొట్టడమే నా పని అనేది. నాకు ఒళ్లు మండేది.

ఈసారి వంతు పిల్లల గదికొచ్చింది. నేనూ ఆ మిల్లులోనే పనిచేస్తాను. మేం పనిలో ఉన్నంతసేపూ మా పసివాళ్లు పద్నాలుగు మంది అందులోనే ఉంటారు, మా బుడ్డదానితో సహా. దాన్ని మూసేసి దారం కండెలు పెట్టుకుంటారట. ఆ గది పోతే నా పనీ పోయినట్టే. పనివాళ్ల తరఫున నన్ను కమిటీలోకి పంపారు.

గంటసేపు చెప్పాను. పాత షెడ్డు ఖాళీగా పడి ఉందన్నాను, నేనే టేపు పట్టి కొలిచానన్నాను. మేనేజరు తలూపాడు. మిగతా ఐదుగురూ ఊపారు. ఒక్కడు ఎదురు ప్రశ్న వేస్తే ఒట్టు! కాదు పొమ్మన్నా ఇంత కడుపు మండేది కాదు.

"చాలా బాగా చెప్పావమ్మా," అని మేనేజరు, మూల టైపు మిషను ముందు కూర్చున్న పిన్ని వైపు చెయ్యి చాచాడు.

పిన్ని టైపు కాగితం తీసింది. గది మూసివేత, సుదీర్ఘ చర్చ, ఏకగ్రీవం అన్నీ ఇక్కడికే కనిపిస్తున్నాయి. మా బుడ్డదానికి అన్నం తినిపించే చేత్తోనే కొట్టింది కదా అనుకుంటే ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు. పిన్ని పెన్నుతో అడుగున ఏదో రాసి కాగితం అందించింది. మేనేజరు ఫోన్లో మాట్లాడుతూనే సంతకం గీకేశాడు. మిగతావాళ్లూ అంతే. చివరికి నా దగ్గరికొచ్చింది.

చదివాను. మళ్లీ చదివాను. తర్వాత లేచి నిలబడి పైకి చదివాను.

"పై చర్చ శనివారం మూడు గంటలకే టైపు చేశాను. ఈ రోజు ఎవరూ ఏమీ చర్చించలేదు. సంతకం పెట్టేవాళ్లు ఇది కూడా చదవరు."

దాని కింద ఆరు సంతకాలు.

మేనేజరు కాగితం లాక్కోబోతే నేను వెనక్కి తీసుకున్నాను. మళ్లీ కొట్టి తెమ్మని పిన్ని మీద కేకలేశాడు. ఆవిడ మిషను మీద గుడ్డ కప్పింది.

"చర్చించండి. అయ్యాక కొడతాను," అంది.

ఈసారి ఎవడూ తలూపలేదు.