ఖాళీ సీటుకు చెప్పిన మాటలు

మాది చేవెళ్ల దగ్గర ముడిమ్యాల. పెళ్లయిన కొత్తలో ఒక రాత్రి, "నన్ను ఏడికీ తీస్కపోవు" అని మా ఆయనతో గొడవపడి మాటలు మానేశాను. మర్నాడు తెల్లవారకముందే లేపి, "గండిపేట చెర్వు కాడ పొద్దు పొడుస్తుంటే మస్తుగుంటది, ఫొటోలు తీద్దువు, రా" అంటూ బండి తీశాడు. బదులివ్వలేదు గానీ, ఆయన ఫోన్ పట్టుకుని ఎక్కి కూర్చున్నాను.

మొయినాబాద్ రాకముందే ఎదురుగా, రోడ్డు చివర ఎర్రటి సూర్యుడు! ఆగలేక భుజం తట్టి బండి ఆపించాను. దిగి ఫొటో తీస్తుండగానే బండి కదిలింది. నేను మళ్లీ ఎక్కాననుకున్నాడు మహానుభావుడు. ఎంత అరిచినా హెల్మెట్‌లోకి వినబడలేదు. ఫోన్ చేద్దామంటే ఆయన ఫోన్ నా చేతిలోనే ఉంది. లారీలు దూసుకుపోయే ఆ రోడ్డు పక్కన నాకు ఏడుపొక్కటే తక్కువ.

కూరగాయల ఆటోలో వెళ్తున్న ఒక అవ్వ ఆటో ఆపించి, "ఏమైంది బిడ్డా?" అంది. నేను చెప్పేలోపే మా ఆయన తిరిగొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మొయినాబాద్ దాటి హిమాయత్‌నగర్ ఊరి దాక బతిమిలాడుకుంట పోయిన. ఉలుకు లేదు, పలుకు లేదు. గింత పంతమా అని తిరిగి చూస్తే నువ్వే లేవు!"

అవ్వ పగలబడి నవ్వింది.

"ఏమని బతిమిలాడినవ్?" అని అడిగాను.

"చెప్పిందే మళ్ల చెప్తరా? ఎక్కు జర."

ఈసారి చెయ్యి వెనక్కి పెట్టి, నేనున్నానని చూసుకుని మరీ కదిలాడు.

ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. ఎర్రటి సూర్యుడు, అటువైపు వెళ్లిపోతున్న మా ఆయన వీపు. ఆ రోజు ఏమన్నాడో నేటికీ చెప్పడు. ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా వెళ్లి ఆ ఫొటో చూస్తాను. అందులో నన్ను ఇంకా బతిమిలాడుతూనే ఉన్నాడు.