సంత నుంచి తెచ్చిన అతిశయోక్తి

ఎవరి మీదైనా ఎప్పుడైనా కుళ్ళుకున్నావా అమ్మమ్మా, అని నిన్న ఫోనులో అడిగావు కదా చిన్నోడా, నవ్వి ఊరుకున్నాను. కుళ్ళుకున్నాను నాన్నా. బాగానే కుళ్ళుకున్నాను. మీ అక్క పక్కనుంటే ఇద్దరూ వినండి.

నా చిన్నప్పుడు మేం బస్తర్ అడవుల్లో, కిరండూల్‌లో ఉండేవాళ్ళం. మా నాన్నకు ఇనుపరాయి గనిలో పని. నేను వెళ్ళేది హిందీ బడి. తెలుగు నేర్పింది మా తాతయ్యే, సాయంత్రాలు క్వార్టర్ వరండాలో బల్ల మీద కూర్చోబెట్టుకుని. ఆయన భద్రాచలం వైపు పల్లెల్లో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. అక్షరాలు అయిపోగానే అలంకారాల్లోకి దిగాడు. ఒకదాన్ని ఇంకోదానితో పోలిస్తే ఉపమ, ఉన్నదాన్ని మించి చెప్తే అతిశయోక్తి. ఆ పేర్లు బెల్లం ముక్కల్లా నోట్లో వేసుకుని చప్పరిస్తూ తిరిగేదాన్ని. తాతయ్య గోడవారగా కూర్చునేవాడు కాబట్టి ఆయన పక్కన ఒక్కటే చోటు. అది నాది.

అలా ఉండగా పక్క క్వార్టర్‌లోకి శ్రీకాకుళం నుంచి ఒక కుటుంబం దిగింది. వాళ్ళమ్మాయిది నా ఈడే, తెలుగు బడిలో చదివొచ్చింది. మొదటిరోజే, ఎర్రదుమ్ములో నడిచొచ్చిన మా గేదెను చూసి, "పారాణి ఎట్టుకున్న పెళ్ళికూతుర్లాగుంది తాతగారూ," అంది. తాతయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఉపమంటే ఇదీ అన్నాడు. ఆ గేదెను దూడప్పటి నుంచీ చూస్తున్నదాన్ని నేను. నాకెందుకు తట్టలేదా అని అన్నం సయించలేదు. మర్నాటి నుంచి తాతయ్య పక్క చోటు ఆమెదైంది. ఆమె చెప్పేది వినడానికి ఆయనే పిలిచి కూర్చోబెట్టుకునేవాడు. నేను బల్ల చివర కూర్చుని ఆమె జడ వంక చూసేదాన్ని. జడ కూడా నాకంటే పొడుగే.

తాతయ్య ఏం గమనించాడో, ఒక సంతరోజు మా ఇద్దర్నీ పిలిచి, కూరగాయలతో పాటు చెరొక అతిశయోక్తి తెమ్మన్నాడు. సొంతంగా అల్లకూడదు, ఎవరి నోటనైనా విన్నదై ఉండాలి. నాకు లోలోపల ఒకటే సంబరం. సంతలో మాటలన్నీ హల్బీ, గోండీ, హిందీ. నాకు మూడూ వచ్చు. ఆమెకు ఒక్కటీ రాదు.

చింతపండు అమ్మే ముసలమ్మ బేరం మధ్యలో హల్బీలో అంది, నా చింతపండు పేరెత్తితే చాలు మీ ఇంట్లో పాలు విరిగిపోతాయని. నాకు కావాల్సింది దొరికేసింది. ఆ పిల్ల మాత్రం ఏమందట, ఏమందట అంటూ నా వెంటే తిరిగింది. నేను చెప్పలేదు. ఇంటిదారిలో కూడా అడుగుతుంటే విసుగొచ్చి, "నీకేంది చెప్పేది? నువ్వొచ్చినకాడ నుంచి మా తాత పక్కన ఈగ వాలేటందుకు గూడ జాగ లేదు," అన్నాను. ఆమె కూరగాయల సంచీ భుజానికెత్తుకుని ముందు నడిచింది.

సాయంత్రం నా చింతపండు మాటకు తాతయ్య బల్ల చరిచి నవ్వాడు. ఇక ఆమె దగ్గరేముంటుందిలే అని నేను నిటారుగా కూర్చున్నాను. ఆమె మెల్లగా, "ఒకమ్మాయి వచ్చాక, ఇంకో అమ్మాయికి వాళ్ళ తాత పక్కన ఈగ వాలడానికి కూడా చోటు లేకుండా పోయిందంట తాతగారూ," అంది. నా చెవులు వేడెక్కిపోయాయి. ఎవరన్నారని ఆయన అడిగితే, సంతలో ఎవరో, ముఖం చూడలేదంది.

తాతయ్య మా ఇద్దరి వంకా చూశాడు. తర్వాత, "మంచిదే తెచ్చినవ్ బిడ్డా. గానీ ఇది వినేటోళ్ళకే అతిశయోక్తి. అన్నోళ్ళకి ఉన్నమాటే," అన్నాడు. లేచి, బల్ల మధ్యలోకి వచ్చి కూర్చున్నాడు. ఆయనకు అటొకరం, ఇటొకరం అయ్యాం.

కుళ్ళు పోయిందా అంటే, పోలేదు. ఆమెకు నాకంటే ఎప్పుడూ ముందే తట్టేది. కానీ ఇప్పటికీ ఎవరైనా నా ముందు చిన్నదాన్ని పెద్దది చేసి ఏడిస్తే, అంత లేదులే అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళకది ఉన్నమాటే అయ్యుంటుందని ఆగుతాను.

తర్వాత వాళ్ళ నాన్నకు బదిలీ అయి విశాఖ రైలెక్కేశారు. కిటికీ దగ్గర చెయ్యి పట్టుకుని కూడా అడగలేకపోయాను. ఆ రోజు ఎవరో అన్నారని చెప్పింది నన్ను కాపాడ్డానికా? లేకపోతే మాట అంత బాగుందే, అది నేనన్నదని చెప్తే మెప్పు నాకొచ్చేస్తుందని, ఆమె కూడా నా మీద కుళ్ళుకుందా?