వంతు రాని జములమ్మ

మానవపాడులో శాంతయ్య పిండి గిర్నికి జొన్నలు తెచ్చి, తన వంతు రాకుండా తానే చూసుకునే మనిషి ఒక్క జములమ్మే. వంతు కోసం తిట్టుకున్నవాళ్లను చూశాను, జుట్లు పట్టుకున్నవాళ్లనూ చూశాను. వంతు వస్తే వెనక్కి జరిగే మనిషిని మాత్రం ఈమెనే చూశాను.

ఒకనాడు శాంతయ్యకు తిక్క రేగింది. ఆరింటికి పెట్టిన డబ్బా ఏడు దాటినా అట్లాగే ఉంది. జములమ్మ అరుగు మీద కాళ్లు చాపుకొని ముచ్చట చెప్తోంది.

“ఏందక్కా, పిండి పట్టిచ్చుకోనీకి వచ్చినవా, కాపురానికి వచ్చినవా?”

“నా జొన్నలు పట్టినవా?”

“నువ్వు పొయ్యనిస్తే గద పట్టేది!”

“పట్టలేదంటే నేనింక గిరాకినే. గోడ మీద ఏం రాపిచ్చినవో జర సదువు.”

గిరాకి దేవునితో సమానమని వాడే రాయించుకున్నాడు.

“దేవుణ్ని లెవ్వమంటవా? పో, మంచినీళ్లు తే.”

శాంతయ్య నీళ్లు తెచ్చాడు. దేవత సగం తాగి, చల్లగా లేవని వంక పెట్టింది.

మగవాళ్లకు చాయ్ హోటలుంది, బస్టాండు బెంచీలున్నాయి, కల్లు దుకాణముంది. అక్కడ వాళ్లు కూర్చుంటే అది రాజకీయం. మేం కూర్చుంటే పనిలేని ముచ్చట. మాకున్నది ఆ గిర్ని అరుగొక్కటే. ఆ మోతలో మాట వినబడాలంటే అరవాలి. అందుకే మా ఊళ్లో రహస్యాలు కూడా గొంతు చించుకొనే చెప్పుకుంటాం.

ఆ అరుగుకు జములమ్మే పెద్ద. వంతు రాగానే డబ్బాను కాలితో వెనక్కి నెట్టేది.

“మాలతీ, నువ్వు పోసుకో బిడ్డా, నీ మొగడు ఆకలికాగడు. సరోజా, నువ్వు కానియ్యి, నీ బర్రె ఎదురు చూస్తది.”

మొగుడికీ బర్రెకూ ఒకటే మర్యాద.

“నీ ఇంట్ల పొయ్యి మాపటికే అంటుకుంటదా అక్కా?” అని నేను దెప్పేదాన్ని.

“పిండి ఎప్పుడన్న పట్టిస్త. నీ తోటికోడలు కత సగంల ఇడిసిపెట్టనా?”

నేను మళ్లీ కూర్చునేదాన్ని. నా తోటికోడలి గురించి నాకు తెలియనిది ఈమెకు తెలిస్తే ఎట్లా?

ఆ వరుసలోనే ఏసురత్నం ఉండేది. పత్తి విత్తనం చేన్లలో పువ్వుకు పువ్వు అంటించే క్రాసింగ్ పనికి పోతుంది. కూలీల ఆటో ఎనిమిదింటికి. అది తప్పితే ఆనాటి కూలి పోయినట్టే. పొద్దుగూకి వచ్చేసరికి గిర్ని మూసి ఉంటుంది. ఆమె పిండి పట్టించుకోవాలంటే పొద్దునే.

గిర్నిలో ఒకరి పిండి పిడికెడు మిగిలి తర్వాతి వాళ్ల డబ్బాలో పడుతుంది. అందుకని ఆమె వెనక పోయడానికి మాకెవరికీ మనసొప్పదు. ఆమె వెనకున్నవాళ్లు ముందుకు జరుగుతారు, ఆమె డబ్బా చివరికి పోతుంది. అసలు కారణం ఎవరూ పైకి అనం, అంత మర్యాద తెలియనివాళ్లమా? “ఆమె జొన్నలల్ల రాళ్లుంటయి” అంటాం. నేనూ అన్నాను. నా పన్ను విరిగింది నా జొన్నల్లోని రాయికే. అయినా అన్నాను.

అంత జరిగినా ఏసురత్నానికి ఆటో తప్పినట్టు నేనెన్నడూ వినలేదు. ఎట్లా అందుతున్నదో ఆలోచించనూ లేదు. మనకెందుకు?

మొన్న జములమ్మ స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. గద్వాల దవాఖానలో వేశారు. తెల్లారి గిర్నిలో ఏసురత్నం వంతు వచ్చింది.

“ఈమె ఎనక ఎవరు పోస్తరు?” అన్నాడు శాంతయ్య.

అందరం జములమ్మ డబ్బా కోసం చూశాం. రోజూ ఏసురత్నం వెనక ఉండేది అదే. లేదు. మాలతి పైకప్పు చూసింది. సరోజ గొంతు సవరించుకుంది.

“ముందుగాల మావి కానియ్యన్నా. ఆమె జొన్నలల్ల రాళ్లు…”

నేనూ నా డబ్బా ముందుకు జరిపాను. రోడ్డు మీద ఆటో హారన్ కొట్టింది, ఆగింది, పోయింది. ఏసురత్నం జొన్నలు డబ్బాలోనే ఉన్నాయి.

“రేపొస్తలే అన్నా,” అని ఎత్తుకొని పోయింది. రేపూ అంతే. మూడోనాడూ అంతే.

నాలుగోనాడు నేను గద్వాల బస్సెక్కాను. పరామర్శకు కాదు, కొట్లాటకు.

“ముచ్చట్ల పేరు జెప్పి ఇన్నేండ్లు మమ్మల్ని మోసం జేసినవక్కా!”

“మోసమేంది మణెమ్మా? నీ తోటికోడలు కత అబద్ధమా?”

“ఏసురత్నం వచ్చేదంక ఆగి, ఆమె ఎనక డబ్బ పెట్టనీకే గద నీ ఏషాలన్నీ!”

“మరేం జెయ్యాలె? న్యాయం జెప్తే మీరు ఇంటరా? ముచ్చట జెప్తే ఇంటరు.”

“నడుమ నీ పిండి పడ్డదని మేం నిమ్మలంగ పోసుకుంటిమి.”

“ఎర్రిదాన! ఆమె పిండి నా డబ్బల పిడికెడు, నా పిండి నీ డబ్బల పిడికెడు. ఇరవై ఏండ్ల సంది ఆమె జొన్నలు నువ్వు తింటనే ఉన్నవ్. ఏమన్న అయిందా? ఇంత లావయినవ్.”

నా నోటికి ఊళ్లో పేరుంది. ఆ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పక్క మంచం మీది మనిషి మందు బిళ్ల పొలమారేటట్టు నవ్వింది.

జములమ్మ నవ్వలేదు.

“ఆమెకు ఆటో తప్పిందా?”

“మూడు దినాలు.”

నా మొహంలోకి తేరిపార చూసింది. ముందుకు జరిగిన నా డబ్బా సంగతి నేను చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు తెలిసిందని నాకు తెలిసింది.

“రేపటి సంది నువ్వు ఆరింటికే పోయి కూసో. ఆమె వచ్చేదంక అందరిని ముందల తోలు. వచ్చినంక ఆమె ఎనక నీ డబ్బ పెట్టు.”

“వాళ్లు ఊకుంటరా? నా ముచ్చట్లు ఎవరింటరు?”

“నా మీద ఏదన్న చెడ్డ ముచ్చట పుట్టిచ్చి చెప్పు. సిగ్గు పడకు. జర పొడుగుది చెప్పు, రోజుకింత చెప్పు. నేను లేసి వచ్చేదంక అయిపోనీకు.”