నిరుపేద కుటుంబంలో జన్మించి

ప్రొద్దుటూరులో మా డిగ్రీ కాలేజీలో హఫీజా అనే అమ్మాయి జర్నలిజం చెబుతుంది. అమ్మాయి అన్నానే గానీ నలభై దాటాయి. కడపలో ఒక పత్రిక డెస్కులో వార్తలు దిద్ది దిద్ది విసుగెత్తి, పిల్లలకు రాయడం నేర్పుతానని ఇటు వచ్చింది. నేను కామర్స్ చెబుతాను. స్టాఫ్ రూములో ఆమె కుర్చీ నా పక్కనే కాబట్టి ఆమె విసుగులో సగం నా వాటాకు వస్తుంది.

ఆమె చెప్పే పేపరు పేరు సాహిత్య జర్నలిజం. నిజంగా ఉన్న మనిషిని, ఉన్నది ఉన్నట్టు, కథలా చదివించేట్టు రాయడం. చెప్పడానికి ఇంతే. మా పిల్లలకు మాత్రం ఒక మనిషి గురించి రాయడమంటే పొగడటమే. పుట్టినరోజు ఫ్లెక్సీలు చూసి పెరిగినవాళ్ళు మరి! ఎవరి మీద రాయమన్నా "నిరుపేద కుటుంబంలో జన్మించి, అంచెలంచెలుగా ఎదిగి" అని మొదలుపెడతారు. గాజుల అంగడాయన, బస్సు కండక్టరు, సొంత నాయనమ్మ, అందరూ అంచెలంచెలుగా ఎదిగినవాళ్ళే. ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి కొట్టేసి హఫీజా వేలికి కాయ కాసింది.

"నాయనమ్మ యాడికి ఎదిగిందక్కా? వంటింట్లో నుంచి వసారాలోకి ఎదిగిందా?" అని కాగితాలు బల్ల మీద పడేసేది.

ఆ యేడు వంశీకృష్ణ అనే పిల్లాడు చేరాడు. పులివెందుల వాడు, ఇక్కడ హాస్టల్లో ఉండేవాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొదటిసారే మెస్సులో వడ్డించే ఆమె గురించి రాశాడు. ఆమె ఎప్పుడూ కంచాలే చూస్తుందట, మొహాలు చూడదట. మారు అడిగినవాడి మొహం చూస్తే లేదనలేదట. హఫీజా ఆ కాగితాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించింది.

"ఇన్నేండ్లకు ఒక్కడు దొరికినాడక్కా. ఈ ఒక్కడు నిలబడితే సాలు నాకు," అంది.

ఆ ఉత్సాహంలోనే క్లాసుకు పెద్ద పని పెట్టింది. ఎవరైనా ఒక మామూలు మనిషి దగ్గర రోజంతా కూర్చోవాలి. ప్రశ్నలు అడగకూడదు. ఫొటోలు తీయకూడదు. చూడాలి, రాసుకోవాలి. వంశీ జమ్మలమడుగు పోయి, ఈశ్వరయ్య అనే ఆయన ఇస్త్రీ బండి పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నం నేను క్యారియర్ విప్పుతుండగా హఫీజాకు ఫోన్ వచ్చింది. నంబరు వంశీది. గొంతు వంశీది కాదు.

"ఈ పిల్లోనికి నువ్వేమైతావమ్మా?"

ఆమె మొహం చూసి క్యారియర్ మూసేశాను. వంశీని ఎవరో పట్టుకుని కూర్చోబెట్టారట. ఆటో మాట్లాడుకుని జమ్మలమడుగు బయలుదేరాం. దారిలో నాకు సంగతి వెలిగింది, వెలిగాక ఒళ్ళు మండింది. కొత్తవాడొకడు ఒక వీధిలో పొద్దుటి నుంచీ కదలకుండా కూర్చుని, ఎవరినీ ఏమీ అడక్కుండా, వచ్చేపోయేవాళ్ళను రాసుకుంటుంటే మా సీమలో దాన్ని జర్నలిజం అనరు. రెక్కీ అంటారు. బాంబుల రోజులు పోయాయి గానీ ఆ భయం పోలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన మా ఇద్దరిలో ఒక్కరికైనా ఇది ముందే తట్టొద్దా?

ఇస్త్రీ బండికి ఎదురిల్లు ఒక కాంట్రాక్టరుది. పాత కక్షలున్న మనిషి. ఆయన మనుషులు వంశీని లోపల వరండాలో కూర్చోబెట్టారు. కొట్టలేదు. టీ కూడా ఇచ్చారు, వాడు ముట్టుకోలేదు. కాంట్రాక్టరు మమ్మల్ని కూర్చోమని, వంశీ రాసిన కాగితాలు తీసి మెల్లగా చదివాడు.

"తెల్లచొక్కాలు మడత నలగకుండా ముందు ఎదురింటికి పోవాలి. అవి చేసే ముందే ఈశ్వరయ్య పెట్టెను పాతగుడ్డ మీద రుద్ది చూసుకుంటాడు. చొక్కాలు లోపలికి పోయిన కాసేపటికి కారు బయటికొస్తుంది. ఆయన ముందు సీట్లో కూర్చోడు. మంగళవారం చొక్కాలుండవు, ఆ రోజు ఆయన ఇల్లు కదలడని ఈశ్వరయ్య పక్కింటామెతో అన్నాడు."

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "శానా బాగా రాసినాడమ్మా. ఇది ఇంగొకరి చేతికి పోయింటే నా కత అయిపోయినట్టే."

"తప్పు వానిది కాదన్నా. ఏమీ అడగొద్దని నేనే చెప్పినా," అంది హఫీజా.

"అడిగింటేనే బాగుండు. పేపరోడనుకుని కుర్చీ ఏసి కూచోబెట్టుకుందుము. అడక్కుండా సూసేవోణ్ణి ఏమనుకోవల్ల?"

హఫీజా మా ప్రిన్సిపాల్ నంబరు కలిపి ఫోన్ ఆయన చేతికిచ్చింది. మాట్లాడాక పిల్లాణ్ణి వదిలాడు. కాగితాలు ఇవ్వలేదు.

బయటికొచ్చి ఈశ్వరయ్య బండి దగ్గర ఆగాం. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు చల్లారిపోయాయి.

"ఇంగ ఆ ఇంటి గుడ్డలు నాకియ్యరంట మేడమ్. ఎవురో ఏందో కనుక్కోకుండా పక్కన ఎట్ల కూచోబెట్టుకుంటివి అని అడిగినారు. పిల్లోడు ఎండలో ఉండాడని నేనే నీడకు పిలిస్తి."

"నేను పోయి చెప్తా వాళ్ళకు," అంది హఫీజా.

"వద్దు తల్లీ. మీరు ఇంగేమీ చెప్పద్దండి."

వంశీ తల ఎత్తలేదు. ఆటో ఎక్కాం. నాకు కాంట్రాక్టరు మీద కోపం, హఫీజా మీద కోపం, ఒకరి మంచీ చెడూ చూసి రాసుకునే వీలు కూడా లేని ఈ నేల మీద కోపం. ఏ కోపమూ ఈశ్వరయ్యకు ఒక్క చొక్కా తెచ్చిపెట్టదు.

వారానికి క్లాసు పేపర్లు వచ్చాయి. హఫీజా కట్టలోంచి ముందు వంశీది వెతికి తీసింది. మొదటి వాక్యం దగ్గరే ఆగి, కాగితాన్ని నా ముందుకు జరిపింది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు.

"శ్రీ ఈశ్వరయ్య గారు నిరుపేద కుటుంబంలో జన్మించి, అంచెలంచెలుగా ఎదిగి, వీధిలోని పెద్దలందరి ఆదరాభిమానాలు పొందారు."

హఫీజా ఎర్ర పెన్ను మూత తీసింది. నేను ఆమె చేతినే చూస్తున్నాను. ఆ వాక్యాన్ని కొట్టలేదు. కింద మార్కులు వేసి, ఇంకో పేపరు తీసుకుంది.