పత్తి ఏరాక మందు డబ్బా

మాది నల్గొండలో మగ్గం ఇల్లు. బాపు నేస్తుంటే ఆ చప్పుడుకు మాటలు కట్టుకుంటూ పెరిగాను. కాలేజీలో నా కవితలకు బహుమతులు కూడా వచ్చాయి. తెలంగాణ వచ్చాక కేతేపల్లి దగ్గర ఒక ఊరి బడిలో తెలుగు టీచరునయ్యేసరికి ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. పిల్లలకు పాఠం కన్నా కవిత్వమే ఎక్కువ చెప్పేదాన్ని. "ఇంట్లో చూసిందే రాయండి, కల్పించకండి" అనేదాన్ని. అన్నది నేనే, మరిచిందీ నేనే.

ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్ల నాలుగు పంక్తులు రాసిచ్చింది.

"పత్తి ఏరుడైంది. రెండు బస్తాలే ఎల్లింది.
నాయిన పురుగుల మందు డబ్బ కొత్తది తెచ్చి
దూలం మీద పెట్టిండు.
అన్నం తినుకుంట దాన్నే చూస్తడు."

ఎంత పొంగిపోయానో! నా పుస్తకంలో ఎక్కించుకుని, "చివరి పంక్తి ఇంకా బిగించు" అని ఎర్ర సిరాతో రాసి తిరిగిచ్చాను. పిల్ల కాసేపు అక్కడే నిలబడింది. ఇంకో మెచ్చుకోలు కోసమేమో అనుకున్నాను. మర్నాటి నుంచి బడికి రాలేదు.

మూడో రోజు సాయంత్రం, నకిరేకల్‌లో నేను కిరాయికుండే ఇంటి అవ్వకు గొప్పగా చదివి వినిపించాను. పుట్టినప్పటి నుంచీ ఆమెది వ్యవసాయమే. చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న చేతులు ఆగిపోయాయి.

"పత్తి ఏరినంక మందెందుకు బిడ్డా? దేని మీద కొడ్తడు?"

నాకు నూలు తెలుసు, రంగు తెలుసు. చేలో మందు ఎప్పుడు కొడతారో తెలియదు. ఆ చివరి పంక్తి మళ్లీ చదివాను. నా కవిత్వం మీద మన్నువడ!

"ఏం జూస్తున్నవ్? లే, ఆటో పిలువు" అంటూ అవ్వ కొంగు బిగించింది.

బడి ఉన్న ఊరి మొదట్లో జనం గుమిగూడి కనిపించారు. ఆటోవాడు అడిగితే, బస్సు కోసం నిలబడ్డామన్నారు.

పిల్ల వాళ్లింటి వాకిట్లో తండ్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఊపిరి ఆడుతోందా అని వంగి చూశాను. ఆడుతోంది. పిల్ల గడపలో కూర్చుని ఉంది, డబ్బాను చున్నీ కింద దాచుకుని. బడికి రాని రెండు రోజులూ అదే కాపలా. అవ్వ డబ్బా లాక్కుని మంచం పక్కన కూలబడింది.

"ఏంది కొడుకా గిది?"

ఆయన భుజాలు కదులుతున్నాయి.

పిల్ల నన్ను చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"రాస్తే మీరు ఉరికొస్తరనుకున్న, టీచర్" అంది.