గంగాళం ఎత్తిన జైరాం

సామ్రాజ్యాల పతనానికి కారణాలు వెదికిన పండితులెవరూ ఇల్లెందు అడవి అంచు తండాలో జైరాం చెప్పు వారును పట్టించుకోకపోవడం చరిత్రకు జరిగిన అన్యాయం. ఏటా హోళీనాడు, సరిగ్గా ముందుకు ఉరకాల్సిన క్షణంలో అతను వంగి ఆ వారు సర్దుకునేవాడు. తెగని వారును అంత శ్రద్ధగా సర్దుకున్న మనిషి ఆ తాలూకాలో మరొకడు లేడు.

ఉరకడం ఎందుకంటే, మగబిడ్డ పుట్టిన ఇంటి ముందు హోళీకి బెల్లం గుగ్గిళ్ల గంగాళం పెడతారు. ఆడవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా ఉంటారు. మగవాళ్లు దెబ్బలు తింటూ దాన్ని ఎత్తుకురావాలి. ఒక్కసారైనా గంగాళం ఎత్తనివాణ్ని తండా మగవాళ్ల లెక్కలో వేయదు. జైరాం డిగ్రీ పాసైనా ఆ లెక్కలోకి రాలేదు.

"మరిదీ, గట్ల వంగి వంగే ముసలోడివైతవు పో" అనేది అన్న భార్య హేమ్లి, కర్ర తిప్పుతూ.

ఎనభై నాలుగులో జైరాం స్కాలర్‌షిప్ మీద వ్యవసాయం చదవడానికి బల్గేరియా వెళ్లాడు. చలికాలం చివర్లో తోటి విద్యార్థి స్టోయన్ అతన్ని తన పల్లెకు జాతర చూడ్డానికి తీసుకుపోయాడు. మగవాళ్లు మేకతోళ్లు కప్పుకుని, కొమ్ముల ముసుగులు తగిలించుకుని, మొలచుట్టూ ఎడ్లగంటలు కట్టుకుని మంచులో గంతులేస్తున్నారు. దయ్యాలను తరమడానికట. ఆ మోతకు ఏ దయ్యమైనా పాస్‌పోర్టు వెదుక్కోవాల్సిందే.

జైరాం చూపు మాత్రం ఒక ఇంటి ముందు ఆగింది. పెద్ద గంగాళం. చుట్టూ ఆడవాళ్లు. ఒకావిడ చేతిలో కర్ర. పైగా ఫాల్గుణమాసం. ఇంకేం కావాలి? కాళ్లకేమో రబ్బరు బూట్లు, సర్దుకోవడానికి ఏమీ లేదు. వీపు వంచి ఉరికాడు. గంగాళం ఎత్తుకుని సందులో పడ్డాడు. ఆడవాళ్లు కేకలేస్తూ వెంటపడ్డారు. చీపురూ గరిటే వంతులవారీగా వీపున మోగాయి. ప్రతి దెబ్బకీ పట్టాభిషేకం జరుగుతున్నట్టు నవ్వాడు జైరాం.

చదువు ముగించి వచ్చిన రోజే తండా పెద్ద గోప్యా ముందు ఈ ఘనకార్యం విన్నవించుకున్నాడు.

"దెబ్బలు పడ్డయారా?" అడిగాడు గోప్యా.

"మస్తుగ పడ్డయ్ కాకా."

"గంగాళంల ఏముండె?"

"చిక్కుడుగింజల పులుసు. గంతులేసెటోళ్లకని వండిండ్రు. సగం మంచుల ఒలికిపోయింది."

గోప్యా చుట్ట ఆర్పి, న్యాయమూర్తిలా గొంతు సవరించుకున్నాడు. "దెబ్బలు సరే, గంగాళం సరే. ఆ ఇంట్ల పుట్టిన పోరడేడి?"

"పోరడు లేడు కాకా. ముసలమ్మ ఒక్కతే."

"గట్లయితే గది హోళీ ఏందిరా? దొంగతనం."

ఒళ్లో పసివాణ్ని ఆడిస్తున్న హేమ్లి కిసుక్కున నవ్వింది. "మల్ల వస్తది తీయ్ హోళీ. ఈసారి నీ అన్న కొడుకుదే గంగాళం. గప్పుడు సూద్దాం నీ మగతనం."

"సూద్దువుగాని వదినా" అన్నాడు జైరాం, బల్గేరియా చూసినవాడి ధీమాతో.

ఆ హోళీనాడు జైరాం కాళ్లకు మళ్లీ వారు చెప్పులే. గంగాళాన్ని పక్కింటి బిచ్యా ఎత్తుకొచ్చాడు.