నీలం అని రాసిన పట్టీ

ఏడేళ్లుగా మోస్తున్నాను. బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

భద్రాచలం అవతల ఒక పురుగుమందుల గోదాములో గాలి పరీక్ష నా పని. వేలెడంత కాగితపు పట్టీకి ఎంజైమ్ పూసి ఉంటుంది. గాలి బాగుంటే కాసేపట్లో నీలంగా మారుతుంది. గాలిలో మందు ఆవిరి ఉంటే ఎంజైమ్ చచ్చి, పట్టీ తెల్లగానే ఉండిపోతుంది. ఎండకు పాడైనా అంతే. అందుకే ఐసు డబ్బాలో తేవాలి.

ఆ డబ్బాను ఖమ్మం బస్టాండులో బెంచీ మీద వదిలేసి చాయ్ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి మూత ఊడి, ఐసు కరిగి, ఎండలో ఉంది. ఎవరికీ చెప్పలేదు. కొత్త ఉద్యోగం, భయం. భయమేనా? సిగ్గు కూడా.

మర్నాడు పొద్దున గోదాములో పెట్టిన పట్టీ తెల్లగానే ఉండిపోయింది. ఎండకు పాడైందిలే అనుకున్నాను. ఆరుబయట ఇంకొకటి విప్పి చూస్తే తేలిపోయేది. ఎందుకు విప్పలేదు? పాడైందని తేలితే డబ్బా సంగతి బయటపెట్టాల్సి వస్తుందని. రిజిస్టరులో నీలం అని రాశాను.

పెట్టెలు మోసే యాకూబ్ భాయ్ గుమ్మం దగ్గర ఆగాడు.

"పట్టీ తెల్లగనే ఉన్నది గదా బిడ్డా. పోవాల్నా?"

"పట్టీ పాడైంది భాయ్. గాలి మంచిగనే ఉంది, పో."

"గట్లనా. నువ్ చెప్పినంక ఇంకేంది."

అరగంటకు ఆయన్ని బయటికి మోసుకొచ్చారు. నోట్లో నురగ. ఆటో వచ్చేలోపు అదే డబ్బాలోని ఇంకో పట్టీని ఆరుబయట విప్పాను. నీలంగా మారింది. పట్టీలకు ఏమీ కాలేదు.

దవాఖానాలో డాక్టరు నన్నే అడిగాడు, మందు ఆవిరి ఏమైనా పీల్చాడా అని. లేదన్నాను. చేతిలో ఉన్న ఆ నీలం పట్టీనే చూపించాను. వడదెబ్బ అనుకుని వైద్యం మొదలుపెట్టారు. రక్తపరీక్షలో అసలు సంగతి తేలేసరికి రెండో రోజైంది. ఆయన బతికాడు గానీ కాళ్లలో బలం తిరిగి రాలేదు. పట్టీలే మోసం చేశాయని అందరూ వాటిని తిట్టారు. నేనూ తల ఊపాను.

గుమ్మడికాయ దొంగ సామెత నా కోసమే పుట్టిందేమో. ఎవరైనా నీలం చీర బాగుందన్నా భుజాలు తడుముకుంటాను.

రంజాన్‌కు ఆయన భార్య ఇప్పటికీ షీర్ ఖుర్మా పంపుతుంది. ఆ రోజు దవాఖానా దాకా వెంట వచ్చిన పిల్లనని. తింటాను కూడా. తినకపోతే ఎందుకని అడుగుతారు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి ముందు ఇంకా నోరు పెగల్లేదు. మీకు మాత్రం చెప్పాను. ఇన్నేళ్లకు ఇంత చేతనైంది.